మూట ఎవరి నెత్తిన?

ఈ మధ్య ఒక యాత్రల కంపెనీ వారి కరపత్రం నా చేతికొచ్చింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. కొండల్లో ఆరు రోజుల నడకట. రోజుకి పన్నెండు పదమూడు కిలోమీటర్లు మించదు. భుజాన చిన్న సంచీ, అందులో మంచినీళ్ళ సీసా, తువ్వాలు, గొడుగు ఉంటే చాలు. తక్కిన సామానంతా రాత్రి బసకి ముందుగానే "చేరవేయబడును". దారి చూపడానికి అనుభవజ్ఞుడైన గైడు "ఏర్పాటు చేయబడును". సాయంత్రం చేరేసరికి వేణ్ణీళ్ళు "సిద్ధంగా ఉంచబడును". వేడివేడి భోజనం "వడ్డింపబడును".

అందరూ ధర చూస్తారు. నేను వ్యాకరణం చూశాను. బి.ఏ.లో మాకు తెలుగు చెప్పిన మాస్టారు ఒకమాట అంటుండేవారు. ఈ "బడును" అనేది తెలుగుకి బొత్తిగా సరిపడని ప్రయోగమనీ, పని ఎవరు చేశారో చెప్పడం ఇష్టంలేనివాళ్ళకే అది పనికొస్తుందనీ. అప్పట్లో నవ్వుకుని నోట్సు రాసుకున్నాం. ఇప్పుడీ కరపత్రం చూస్తే ఆయనే నా భుజం మీంచి తొంగిచూస్తున్నట్టనిపించింది.

నిజం చెప్పొద్దూ, మన ఇళ్ళల్లో "బడును" కూడా అక్కర్లేదు. "కాఫీ వచ్చిందా?" "వంటయిందా?" "పక్కలు పడ్డాయా?" కాఫీకి కాళ్ళున్నాయా తనంతట తను రావడానికి? పక్కలేమైనా పండుటాకులా వాటంతటవి పడడానికి? అయినా ఎవరూ తప్పు పట్టరు. వాక్యం పూర్తయినట్టే ఉంటుంది. లోపించింది కర్త ఒక్కటే.

ఆ కరపత్రం పుణ్యమా అని, సుఖంగా నడిచే నడకల గురించి మనవాళ్ళు రాసిన పుస్తకాలు మళ్ళీ తిరగేశాను. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని చదివాను. మూట ఎవరు మోశారు? అన్నం ఎవరు వండారు? ఆ సంగతి రచయిత చెప్పాడా, మింగేశాడా? సాహిత్యాన్ని ఇంత చిన్న తూకపురాయితో తూస్తారా అని పెద్దలు కోప్పడవచ్చు. తూచి చూశాక చెప్పండి.

కరపత్రంవారు ఇదేదో కొత్త నాగరికత అన్నట్టు రాశారు గాని, పగలు నడిచి రాత్రికి బస చేరడమనేది మనకి కొత్తేమీ కాదు. దానికి మన భాషలో చక్కటి మాటే ఉంది. మజిలీ. మాట ఉరుదూ నుంచి వచ్చినా, ఎప్పుడో మన ఇంటిదైపోయింది. స్పెయిన్‌లో సాంతియాగో దాకా నడిచే యాత్రికులకి, జపానులో షికోకు దీవి చుట్టూ ఎనభై ఎనిమిది గుళ్ళు తిరిగేవాళ్ళకి తెలిసిందీ ఇదే. అంతదాకా ఎందుకు, అలిపిరి దగ్గర పెట్టె అప్పగించి రసీదు పుచ్చుకుని, చేతులూపుకుంటూ మెట్లెక్కి, కొండమీద పెట్టె తీసుకున్నవాళ్ళు మనలో ఎంతమంది లేరు?

మజిలీ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది కాశీమజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులుగారు పన్నెండు భాగాలు రాశారు. మా అమ్మమ్మ తరంలో అట్టలు ఊడిపోయి, మొదటి పేజీలు ఎవరో చింపేసి, ఇల్లిల్లూ తిరిగిన పుస్తకాలు. లోపలి రాజకుమార్తెల కథలు అందరికీ గుర్తుంటాయి. పైన ఉన్న కథ మాత్రం చాలామంది గబగబా దాటేస్తారు. నాకు ఆ పై కథే ఇష్టం. మణిసిద్ధుడనే ఆయన కాశీకి బయల్దేరాడు. తోడు కావాలి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకునే రోజులాయె, ఎవరొస్తారు? చివరికి పశువులు కాచుకునే ఒక కుర్రాడు దొరికాడు. గోపుడు. వాడు సామాను మొయ్యాలి. ఊరికే మోస్తాడా? ఒక షరతు పెట్టాడు. ప్రతి మజిలీలోనూ తను చూసిన వింతకి కారణం చెబుతూ కథ చెప్పాలి. చెప్పకపోతే ఆ మజిలీ నుంచే వెనక్కి పోతాడు.

ఎంత తెలివైన ఒప్పందమో చూడండి! మూటకి కూలి కథ. రచయిత పన్నెండు భాగాల మేడని ఒక కూలివాడి షరతు మీద కట్టాడు. గోపుడు మూట దించేస్తే పుస్తకం అక్కడితో ఆగిపోతుంది. పైగా వంట పని అయ్యవారిదే. స్నానం, పూజ, పొయ్యి అంతా ఆయనే చూసుకుంటాడు. ఈ కుర్రాడు తిని ఊరు చూడబోతాడు, ఏదో వింత చూసి పరుగెత్తుకొస్తాడు. మనం వెక్కిరించే పాతకాలపు కాలక్షేపం పుస్తకంలో మోసేవాడికి పేరుంది, నోరుంది, బెదిరించే హక్కుంది. కరపత్రంలో అవేవీ లేవు.

అయితే దీక్షితులుగారిని మరీ నెత్తిన పెట్టుకోలేను. ఆ పుస్తకంలో మజిలీలున్నాయి గాని నడక లేదు. కాళ్ళు బొబ్బలెక్కవు, వాన పడదు, దాహం వెయ్యదు. ఒక వాక్యంలో బయల్దేరతారు, మరో వాక్యంలో చేరతారు. మధ్యలో ఉన్న దారంతా ఎవరో మడిచి లోపల పెట్టేసినట్టుంటుంది. కథ మొదలైందా, ఇక గోపుడి భుజం నొప్పి ఎవరికి కావాలి?

ఇంకాస్త వెనక్కి వెళదాం. క్రీడాభిరామం. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఇద్దరూ ఒకరోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. మధ్యలో పూటకూళ్ళ ఇంటి భోజనం వర్ణన ఒకటుంది. తెలుగు తెలిసిన భోజనప్రియులందరికీ కంఠస్థం. కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండివంట, పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. అంతా కలిపి ఒక్క రూక! లక్ష్మణవజ్ఝల వారి ఇల్లు అని చిరునామా కూడా ఇచ్చాడు కవి. ధర చెప్పాడు, వంటకాలు చెప్పాడు, ఇంటి యజమాని పేరు చెప్పాడు. పొద్దున్నే పెసలు విసిరిందెవరు, నెయ్యి కాచిందెవరు? పద్యం ఎన్నిసార్లు చదివినా పొయ్యి దగ్గర మనిషి కనిపించదు.

కనిపించిన ఒక్కచోట ఏమయిందో మీకు తెలుసు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ. గిరీశంగారి లెక్చర్లు మనకి ఒప్పజెప్పడం వచ్చు. ఆయనకి అన్నం పెట్టిన ఆవిడ పేరు చెప్పండి చూద్దాం. లేదు. నాటకమంతటా ఆవిడ పూటకూళ్ళమ్మే. చీపురుకట్ట పట్టుకుని వచ్చినప్పుడు మనం పడీపడీ నవ్వుతాం. గురజాడవారు మాత్రం ఆవిడని ఊరికే నవ్వించడానికి తేలేదు. ఆవిడ డబ్బు గిరీశం తగలేశాడని, ఆవిడ కోపం న్యాయమేనని నాటకంలోనే ఉంది. ఆ సంగతి మరిచిపోయి చీపురుకట్టని గుర్తుపెట్టుకున్నది మనం. దిక్కులేని ఆడది నాలుగు విస్తళ్ళు వేసి బతికే బతుకు మన సాహిత్యంలో ఎక్కువగా హాస్యానికే పనికొచ్చింది.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు (1841-1909) వచ్చేపోయే బాటసారులకి పైసా తీసుకోకుండా అన్నం పెట్టారు గనక అన్నపూర్ణ అయ్యారు. 2024లో మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు కూడా. పెట్టాల్సిన పేరే. డబ్బు తీసుకుని అదే అన్నం, అదే ఓపికతో పెట్టిన వందల మందికి మాత్రం చీపురుకట్టే మిగిలింది. ఉచితంగా చేస్తేనే గొప్ప అన్నమాట. ఈ న్యాయం మనకి ఇంట్లో అలవాటే లెండి.

ఇక అసలైన పుస్తకానికొస్తాను. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరారు. తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ. గయ, కలకత్తా చూసుకుని జగన్నాథం మీదుగా తూర్పు కోస్తా వెంబడి దిగివచ్చి, మా నెల్లూరు దాటి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారిపొడుగునా చూసిందంతా రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళైగారికి పంపారు. ఆయన పోయిన తర్వాత 1838లో పిళ్ళైగారే అచ్చువేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు వివరాలన్నీ చేర్చి మళ్ళీ తెచ్చారు. ఆ కూర్పు లేకపోతే మనకీపాటికి ఈ పుస్తకం పేరు కూడా తెలిసేది కాదు.

ఇది కూడా సుఖ ప్రయాణమే. పల్లకీ ఉంది, డేరాలున్నాయి, ఇంట్లోవాళ్ళు, పరివారం అంతా కలిసి సుమారు వందమంది. అయితేనేం, ఆ సుఖం ఆకాశంలోంచి ఊడిపడిందని ఆయన మనల్ని నమ్మించడు. ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని ఆమడలు, దారి ఇసకా రాయా, ఏట్లో నీళ్ళెంత, పడవ ఉందా, సత్రం ఉందా, ఊళ్ళో సరుకులు దొరుకుతాయా — ప్రతి మజిలీకీ ఇదే వరస. మొదట్లో విసుగేస్తుంది. ఏమిటీ పద్దుల పుస్తకం అనిపిస్తుంది. యాభై పేజీలయ్యాక తెలుస్తుంది. ఈ మనిషి తర్వాత వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాడు. మనకి వంద రూపాయల పప్పు ఎక్కడ బాగుంటుందో పక్కింటావిడ చెప్పినంత శ్రద్ధగా చెబుతాడు. బోయీల ప్రస్తావన వస్తుంది, కూలివాళ్ళ ప్రస్తావన వస్తుంది, వాళ్ళు లేకపోతే కదలలేమన్న సంగతి దాచుకోడు. భాష కూడా అంతే. పండితుల గ్రాంథికం కట్టుకోకుండా, ఉరుదూ, అరవం మాటలు కలిసిపోయిన ఆనాటి వాడుక తెలుగులో, రెండువందల ఏళ్ళ కిందట, ఇంత వచనం రాసినవాడు మరొకడు ఎక్కడున్నాడు?

అంత మెచ్చుకున్నాక ఒక లోటు చెప్పాలి. ఆ వందమందిలో ఆడవాళ్ళున్నారు. కాశీదాకా వెళ్ళి వచ్చారు. పదిహేను నెలలు! బయట ఎక్కడ స్నానం చేశారు, తడిచీరలెక్కడ ఆరేసుకున్నారు, నెలసరి రోజుల్లో మజిలీ ఎలా సాగింది, ఎవరికైనా జ్వరం వస్తే ఎవరు కూర్చున్నారు, కొత్త ఊళ్ళో కట్టెలు తడిస్తే వంటెలా చేశారు? వాళ్ళ మాట మనకి వినిపించదు. అన్ని నదుల లోతులూ కొలిచిన మనిషి పక్క మేనాలో ఏముందో కొలవలేదు. ఆ కాలం అలాంటిది అంటారా? సరే. ఈ కాలంలో ఆ పుస్తకం మీద వ్యాసాలు రాసే పెద్దలు కూడా ఆ లోటుని లోటుగా ఎందుకు చెప్పరు?

మనవాళ్ళ సంగతే ఎందుకు, మూట ఎవరిని వదిలింది? జపాను కవి బషో 1689లో ఉత్తరాదికి కాలినడకన పోతూ ఒంటి మీద బట్టలతోనే వెళదామనుకున్నాట్ట. చలికి కాగితపు అంగీ, వానకి పైబట్ట, కలం సిరా, పైగా వీడ్కోలు చెప్పినవాళ్ళిచ్చిన కానుకలు. పారెయ్యడానికి మనసొప్పక అన్నీ మోశాడు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకనెట్టుకు వెళ్ళడం అన్ని దేశాల్లోనూ ఉంది. ఆయన మోసింది ఆయన భుజం మీదే గనక క్షమించాను.

దండి యాత్ర సంగతి మరీ ఆశ్చర్యం. 1930 మార్చి 12న సబర్మతిలో బయల్దేరిన జట్టులో ఆడవాళ్ళు లేరని మనకి తెలుసు. మార్చి 29న భాట్‌గాం అనే ఊళ్ళో గాంధీగారు తోటివాళ్ళని కూర్చోబెట్టి చీవాట్లు పెట్టారు. ఎందుకో తెలుసా? రాత్రి నడకలో వెలుతురు కోసం ఒక కూలివాడి నెత్తిన బరువైన కిట్‌సన్ లైటు పెట్టి, త్వరగా నడువమని తొందరపెట్టారట. సూరత్ నుంచి లారీలో పాలు, కూరలు తెప్పించారట. ఉప్పు మీద పన్ను బీదవాడికి భారమని నడుస్తున్నవాళ్ళు, బీదవాడి నెత్తిన దీపం పెట్టి నడవడమేమిటని ఆయన బాధ. ఆ యాత్ర మీద ఎన్ని పాటలు, ఎన్ని బొమ్మలు! దీపం మోసినవాడి బొమ్మ నేనెక్కడా చూడలేదు.

మన వారపత్రికల సీరియల్ నవలల సంగతి వేరే చెప్పాలా? యద్దనపూడి సులోచనారాణిగారి కాలం నుంచి నాయకుడంటే కారు తలుపు తీసి పట్టుకునేవాడు. మేమంతా ఆ నవలలు చదివే కలలు కన్నాం, అందులో తప్పేమీ లేదు. అయితే నాయిక తన ఇష్టానికి, పని లేకుండా, పది కిలోమీటర్లు నడిచిన నవల ఒక్కటి చెప్పండి. నడిచిందీ అంటే కారు చెడిపోయి ఉండాలి, లేదా మనసు విరిగి ఉండాలి.

నేను నెల్లూరుదాన్ని గనక నాకొక ఆశ ఉంది. పాత నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డు మీద ఇలాంటి నడకల పుస్తకం రావాలని. ఉత్తరాన రామాయపట్నం నుంచి తుమ్మలపెంట, జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం, మద్రాసు పుట్టకముందే ఇంగ్లీషువాళ్ళు వర్తకం పెట్టుకున్న దుగరాజపట్నం, ఆ కింద పులికాట్. ఒక పక్క సముద్రం, మరో పక్క బకింగ్‌హామ్ కాలువ. సరుగుడు తోటలు, తాళ్ళు, ఉప్పుమళ్ళు, ఇప్పుడు వాటి మధ్యన రొయ్యల గుంటలు. చలికాలంలో పులికాట్ మీద రాజహంసలు వాలతాయి, నేలపట్టుకి గూడబాతులు వస్తాయి.

ఆ కాలువ చూడండి, అదే ఒక పాఠం. 1877-78 ధాతుకరువులో తిండిలేనివాళ్ళకి పనిపెట్టి, ముక్కలు ముక్కలుగా ఉన్న కాలువలని కలిపి తవ్వించారు. ఎండిన డొక్కలతో మట్టి మోసిన తట్టలవి. పేరు మాత్రం అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువుది. తర్వాత దాని మీద పడవలు నడిచాయి. మద్రాసుకి ధాన్యం, ఉప్పు, కట్టెలు. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవని లాగుతూ నడిచేవారు. పడవలో కూర్చున్నవాడికి అది హాయైన ప్రయాణం. ఏ జ్ఞాపకాల పుస్తకంలోనైనా వెన్నెల్లో పడవ ప్రయాణం ఉంటుంది. గట్టు మీద తాడు కూడా ఉంటుందా అని నేనిప్పుడు వెతుకుతుంటాను.

మైపాడు వైపు ఒకసారి చేపల గంపతో వస్తున్న ఒక ముసలావిడని ఆపి అడిగాను.

"అవ్వా, రోజుకెంత దూరం నడుస్తావు?"

"దూరం ఎవురు కొలిచారమ్మా? గంప ఖాళీ అయిందాకా నడస్తా."

"ఊరికే, చూడ్డానికి నడిచేవాళ్ళుంటారు తెలుసా? ఆరు రోజులు నడుస్తారు. సామాను వేరేవాళ్ళు మోసుకొస్తారు."

ఆవిడ గంప కింద చుట్టకుదురు సర్దుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. "అట్టా నడిస్తే డబ్బులిస్తారా?"

"లేదవ్వా, వాళ్ళే ఎదురిస్తారు."

"ఓయమ్మా!" అని నవ్వింది. "మరి మోసేవాళ్ళకో?"

మా మాస్టారు ఇరవై ఏళ్ళు వ్యాకరణం చెప్పి రాబట్టాలనుకున్న ప్రశ్న అది.

నెల్లూరు ఒడ్డు మీద పుస్తకం రాసేవాళ్ళకి ముందే ఒకటి చెప్పాలి. నడక ఏకధాటిగా సాగదు. కృష్ణపట్నం దగ్గర ఓడరేవు, కండలేరు పాయ అడ్డమొస్తాయి. శ్రీహరికోటలో రాకెట్ల కేంద్రం వాళ్ళు అనుమతి లేనిదే అడుగు పెట్టనివ్వరు. అలాంటిచోట్ల చుట్టూ తిరిగి షేరు ఆటో ఎక్కక తప్పదు. పొద్దుటి ఆటోల్లో గంపలు ముందే ఎక్కి ఉంటాయి. కాళ్ళు పెట్టుకోవడానికి చోటుండదు, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని కూర్చోవాలి. పుస్తకంలో ఆ పేజీ మాత్రం వదిలెయ్యకండి. గంపలో ఆ రోజు ఏం చేపలున్నాయో కూడా రాయండి.